ఇద్దరు పిల్లలు, ఒక ఫీడింగ్ పంపు, ఇరవై రెండు గంటల ప్రయాణం: ఒక్కదాన్నే వెళ్ళగలనా?

డాలస్ దగ్గర్లో ఉంటున్న ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. ఐదు పేజీలు కాబట్టి, ఎవరో తెలిసిపోయే వివరాలు తీసేసి సారాంశం ఇస్తున్నాం.

బాబుకు మూడున్నరేళ్ళు, పద్నాలుగు కిలోలు. ఇరవై ఎనిమిదో వారంలోనే పుట్టాడు. మొదటి ఏడాదంతా ఆక్సిజన్ మీద ఉన్నాడు, అది మానేసి రెండేళ్ళు దాటింది. ఏది మింగినా ఊపిరితిత్తుల్లోకి పోతోందని డాక్టర్లు నోటి ద్వారా ఏమీ పెట్టొద్దన్నారు. పొట్ట మీద జీ-బటన్ (ఆహారం నేరుగా పొట్టలోకి పంపడానికి పెట్టే ద్వారం) ఉంది, పొట్టలోది పైకి తన్నకుండా చేసే ఫండోప్లికేషన్ ఆపరేషన్ కూడా అయింది. పగలు నాలుగుసార్లు 200 మిల్లీలీటర్ల చొప్పున, రాత్రి ఎనిమిది గంటల పాటు 400 మిల్లీలీటర్లు పంపు మీద ఎక్కుతాయి. మూర్ఛకు ఉదయం ఎనిమిదికి, రాత్రి ఎనిమిదికి లెవెటిరాసెటామ్ సిరప్. చివరిసారి ఫిట్స్ వచ్చి ఏడు నెలలైంది. పాపకు ఎనిమిది నెలలు. తల్లిపాలే ఎక్కువ, రోజుకు రెండు సీసాలు అమైనో యాసిడ్ ఫార్ములా. ఆవుపాలు పడవు కాబట్టి తల్లి కూడా పాలు, పెరుగు, నెయ్యి మానేసింది.

ఫిబ్రవరిలో విజయవాడలో తమ్ముడి పెళ్ళి. భర్త ఇండియా వస్తే వీసా స్టాంపింగ్ దగ్గర ఎన్నాళ్ళు ఇరుక్కుపోతారో తెలియదు, కాబట్టి రాలేరు. అత్తగారు ‘ఎంతమంది పిల్లల్నేసుకుని రావడం లేదు, నీకే ఎందుకంత భయం’ అంటున్నారు. అమ్మ ఫోన్‌లో ఏడుస్తోంది. కిందటేడు చికాగో వెళ్ళినప్పుడు సెక్యూరిటీ వాళ్ళు ఫార్ములా డబ్బాలన్నీ విప్పించారు. విమానం పైకి లేచిన అరగంటకే బాబు పొట్ట రాయిలా బిగుసుకుపోయి, ఓకరింపులు మొదలై, దిగేదాకా ఏడుస్తూనే ఉన్నాడు. ‘మూడు గంటలకే అలా అయితే ఇంత దూరం ఎలా? అసలు వెళ్ళొచ్చా? ఒక్కదాన్నే వెళ్ళగలనా? వెళ్ళకపోతే అందరూ ఏమనుకుంటారు?’ ఇవీ ఆవిడ ప్రశ్నలు.

*

అమ్మా, మీ ప్రశ్నలన్నీ ఒకదానిలో ఒకటి చిక్కుకుని ఉన్నాయి. విడదీసి చూద్దాం. బాబు విమానం ఎక్కొచ్చా అన్నది డాక్టర్లు తేల్చాల్సిన మాట. మీరొక్కరే తీసుకెళ్ళగలరా అన్నది చేతుల లెక్క. ఎవరేమనుకుంటారన్నది ఆఖర్న చూసుకోవచ్చు. ఉత్తరమంతా చదివాక నాకనిపించింది ఒకటే: మీ ప్రయాణానికి అడ్డం బాబు పొట్ట మీద ఉన్న బటన్ కాదు, పక్కన రెండో మనిషి లేకపోవడం. బటన్‌తో పిల్లలు సముద్రాలు దాటుతూనే ఉన్నారు. దానికి పద్ధతులున్నాయి.

ముందు చికాగో సంగతి. ఆ రోజు ఏం జరిగిందో తెలిస్తే మీ భయం సగం తగ్గుతుంది.

విమానం ఎంత ఎత్తున ఎగిరినా, లోపలి గాలి ఎనిమిది వేల అడుగుల కొండ మీద ఉన్నంత పల్చగా ఉండొచ్చు. ఆ ఎత్తున, మూసి ఉన్న చోటల్లా గాలి దాదాపు మూడోవంతు ఉబ్బుతుంది. చిప్స్ పాకెట్ బిగుసుకోవడం అందుకే. పొట్టలో ఉన్న గాలికీ అదే గతి. మనమైతే తేన్చేస్తాం. ఫండోప్లికేషన్ అయిన పిల్లలు సరిగా తేన్చలేరు, వాంతి చేసుకోలేరు. ఆ ఆపరేషన్ చేసేదే పైకి రాకుండా ఉండడానికి. దానికి తోడు మీరు ఎక్కేముందే 200 మిల్లీలీటర్లు పట్టించానని రాశారు. నిండిన పొట్టలో గాలి ఉబ్బింది, బయటికి దారి లేదు. అందుకే ఆ బిగువు, ఆ ఓకరింపులు. అంటే బాబుకు విమానం పడకపోవడం కాదు, గాలి తీయకపోవడం.

ఈసారి ఇలా చేయండి. విమానం లేచే సమయానికి గంట ముందే ఫీడ్ పూర్తయిపోవాలి. సీట్లో కూర్చోగానే ఎక్స్‌టెన్షన్ ట్యూబు బటన్‌కి తగిలించి, 60 మిల్లీలీటర్ల సిరంజి పిస్టన్ తీసేసి దానికి గుచ్చి, క్లాంప్ తెరిచి, సిరంజిని పొట్ట కన్నా ఎత్తులో పట్టుకోండి. బుడగలు వస్తాయి, కొంచెం పాలు పైకి పొంగి మళ్ళీ దిగుతాయి. కిందికి దిగిందాన్ని దిగనివ్వండి, పారబోయకండి. విమానం పైకి ఎక్కుతున్న ఇరవై, ముప్పై నిమిషాలూ అలాగే తెరిచి ఉంచాలి. చేత్తో పట్టుకోవడం కష్టమనుకుంటే గాలి పోవడానికి వాడే వెంటింగ్ బ్యాగ్ ఉంటుంది, మీ సప్లై కంపెనీని అడగండి. విమానం సమంగా ఎగరడం మొదలయ్యాక, పొట్ట మెత్తబడిందని చేత్తో చూసుకుని, అప్పుడు ఫీడ్ మొదలుపెట్టండి.

ఆ ఫీడ్ కూడా ఇంట్లో ఇచ్చినంత వద్దు. 200 మిల్లీలీటర్లను రెండుగా విడగొట్టి, రెండేసి గంటలకు వంద చొప్పున నెమ్మదిగా ఎక్కించడం చాలామంది పిల్లలకు సరిపడుతుంది. ఎంత వేగం, రోజు మొత్తం ఎంత తగ్గినా పర్వాలేదు అన్నది మీ డైటీషియన్‌తో మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. ఒక రోజు కేలరీలు కొంచెం తగ్గితే నష్టం లేదు, నీళ్ళు మాత్రం తగ్గకూడదు. క్యాబిన్ గాలిలో తేమ ఇరవై శాతం కూడా ఉండదు. కాబట్టి ఫ్లష్ నీళ్ళు (ట్యూబు శుభ్రం కావడానికి పంపేవి) మామూలు కన్నా కొంచెం ఎక్కువ ఇవ్వాలేమో అడగండి. డయపర్ తడి చూస్తూ ఉండండి. ఆరేడు గంటలైనా పొడిగా ఉంటే నీళ్ళు చాలనట్టే.

ఇంకో చిన్న విషయం. బటన్ ఊడిపోకుండా పొట్ట లోపల పట్టి ఉంచే బుడగలో నీళ్ళే ఉండాలి, గాలి ఉండకూడదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు నీళ్ళు తీసి కొలిచి, డాక్టర్ చెప్పినన్ని మిల్లీలీటర్లు స్టెరైల్ నీళ్ళు మళ్ళీ నింపండి. తక్కువ వస్తే బుడగ కారుతున్నట్టు. అప్పుడు బటన్ ఇంట్లోనే మార్చేసుకుని బయలుదేరాలి.

ఇక డాక్టర్లు. ముగ్గురి మాట కావాలి. ఊపిరితిత్తుల డాక్టర్‌ను అడగాల్సింది: ఎనిమిది వేల అడుగుల ఎత్తున గాలి, నేల మీద పదిహేను శాతం ఆక్సిజన్ పీల్చినట్టు ఉంటుంది, మా వాడు తట్టుకుంటాడా అని. అనుమానం ఉంటే ఆసుపత్రిలోనే అంత పల్చటి గాలి పీల్పించి చూసే పరీక్ష ఉంది. రెండేళ్ళుగా ఆక్సిజన్ అవసరం లేని పిల్లాడికి అక్కర్లేదనే అవకాశమే ఎక్కువ. కానీ ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. ఒకవేళ ఆక్సిజన్ కావాలంటే ఇంట్లో వాడే సిలిండర్ తీసుకెళ్ళనివ్వరు. అనుమతి ఉన్న పోర్టబుల్ కాన్సన్‌ట్రేటర్ (గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే చిన్న యంత్రం), ప్రయాణ సమయానికి ఒకటిన్నర రెట్లు వచ్చే బ్యాటరీలు కావాలి, విమాన సంస్థకు కనీసం 48 గంటల ముందు చెప్పాలి. బోయింగ్ 787, ఎయిర్‌బస్ ఎ350 లాంటి విమానాల్లో లోపలి ఎత్తు ఆరు వేల అడుగుల దగ్గరే ఉంచుతారు. టికెట్ ధర కాస్త ఎక్కువైనా మీ వాడికి అది మేలు, పొట్టకీ ఊపిరికీ రెండింటికీ.

న్యూరాలజిస్ట్‌తో మాట్లాడేటప్పుడు టైం జోన్ గురించి కంగారు పడొద్దు. ఫిబ్రవరిలో డాలస్‌కీ మనకీ తేడా పదకొండున్నర గంటలు. డాలస్‌లో ఉదయం ఎనిమిది అంటే ఇక్కడ రాత్రి ఏడున్నర. డాలస్‌లో రాత్రి ఎనిమిది అంటే ఇక్కడ ఉదయం ఏడున్నర. పన్నెండు గంటలకోసారి ఇచ్చే మందుకు మార్చాల్సిందేమీ లేదు, పూటలు తారుమారవుతాయంతే. ప్రయాణమంతా ఒక ఫోన్‌ను డాలస్ టైంలోనే ఉంచి అలారం పెట్టుకోండి. అసలు భయపడాల్సింది నిద్ర గురించి. నిద్ర లేకపోవడం, డోసు తప్పడం, ఈ రెండూ ఫిట్స్‌ను పిలుస్తాయి. అందుకని అత్యవసరానికి ఇచ్చిన డయాజెపామ్ జెల్ ఎప్పుడూ మీ ఒంటి మీదే ఉండాలి, పైన అరలో పెట్టిన బ్యాగులో కాదు. ఎన్ని నిమిషాలు చూసి ఇవ్వాలో, ఇచ్చాక ఏం చూడాలో న్యూరాలజిస్ట్ ఒక పేజీ రాసిస్తారు. ఎక్కగానే సిబ్బందికి చూపించండి.

గ్యాస్ట్రో డాక్టర్ దగ్గర మూడు పనులు. ఫ్రిజ్‌లో పెట్టాల్సిన ఎసిడిటీ ద్రవ మందుకు బదులు ప్రయాణం వరకు బయట ఉంచగలిగే రూపం ఏదైనా, మీ ట్యూబులో గడ్డకట్టనిది, రాయమనండి. రెండో బటన్ ఒకటి ఇప్పించుకోండి. ఒక ఉత్తరం కూడా కావాలి. అందులో బాబు పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, రోగం పేరు, నోటి ద్వారా ఏమీ ఇవ్వకూడదన్న మాట, ఫార్ములా పేరు, రోజుకు ఎన్ని మిల్లీలీటర్లు, పంపు, సిరంజిలు, ద్రవ మందులు క్యాబిన్‌లోనే ఉండాలన్న మాట ఉండాలి. మందుల జెనరిక్ పేర్లే రాయమనండి, ఇండియాలో డాక్టర్‌కు బ్రాండు పేరు పనికిరాదు. మూడు కాపీలు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. డాలస్ నుంచి దోహాకో దుబాయ్‌కో పదిహేను గంటల దాకా, అక్కడ మూడు గంటల ఆగుడు, మళ్ళీ హైదరాబాద్‌కు నాలుగు గంటలు. ఇంటి తలుపు నుంచి తలుపుకు లెక్కేస్తే ఇరవై ఎనిమిది. ఇందులో ఒక్క దృశ్యం ఊహించుకోండి. పాప మీ ఒళ్ళో పాలు తాగుతోంది. బాబు నిద్రలో కదిలాడు, ట్యూబు బెల్టుకు చిక్కుకుంది, బటన్ ఊడి చేతిలోకి వచ్చింది.

ఆ రంధ్రం కొన్ని గంటల్లోనే ముడుచుకుపోవడం మొదలుపెడుతుంది. భయంకరంగా కనిపిస్తుంది గానీ ఆ క్షణంలో ప్రాణానికేం కాదు, కొంచెం పాలు, ఒక చుక్క రక్తం రావచ్చు. కొత్త బటన్ బుడగలో నీళ్ళు నింపి చూసి, తీసేసి, నీటి ఆధారిత జెల్లీ రాసి, బాబును వెల్లకిలా పడుకోబెట్టి, నిటారుగా నెమ్మదిగా లోపలికి నెట్టి, నీళ్ళు నింపి, కొద్దిగా లాగి చూసి, సిరంజితో పీలిస్తే పొట్టలోని ద్రవం వస్తోందా అని సరిచూడాలి. ద్రవం వచ్చాకే ఫీడ్. బటన్ వెళ్ళకపోతే బలవంతం చేయకూడదు. ఒక సైజు చిన్న ట్యూబును కొద్దిగా లోపలికి పెట్టి, టేపు వేసి, రంధ్రం మూసుకోకుండా ఉంచితే చాలు, ఫీడ్ మాత్రం ఇవ్వకూడదు, దిగాక ఆసుపత్రికి. పని ఐదు నిమిషాలదే. కానీ రెండు చేతులూ కావాలి, బాబు కాళ్ళు పట్టుకోవడానికి ఇంకో రెండు కావాలి. అప్పుడు పాప ఎక్కడుంటుంది?

విమాన సిబ్బంది ఉన్నారు కదా అనుకోవచ్చు. దయగలవాళ్ళే ఉంటారు. కానీ ఆహారం పెట్టడం, టాయిలెట్‌లో సాయం, వైద్య పనులు వాళ్ళు చేయాల్సిన బాధ్యత లేదని అమెరికా రవాణా శాఖ నిబంధనల్లోనే ఉంది. టాయిలెట్‌కు వెళ్ళాలన్నా మీరు ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకోవాలి.

సీట్ల దగ్గర ఇంకో మెలిక. పాప బాసినెట్ (ముందు గోడకు తగిలించే చిన్న ఉయ్యాల) కోసం మొదటి వరుస అడుగుతారు. ఆ వరుసలో ముందు సీటు ఉండదు కాబట్టి, లేచేటప్పుడు, దిగేటప్పుడు సామానంతా పైన అరలోకి పోవాలి. మీకు సిరంజి సరిగ్గా అప్పుడే కావాలి! ఒక సిరంజి, ఎక్స్‌టెన్షన్, ట్యూబు క్లాంప్, నాలుగు గాజుగుడ్డలు, డయాజెపామ్ జెల్, ఇవన్నీ నడుముకు కట్టుకునే చిన్న సంచిలో పెట్టుకోవడం దీనికి విరుగుడు. ఇద్దరు పెద్దవాళ్ళుంటే ఇంకా మేలైన దారి ఉంది: ఒకరు పాపతో మొదటి వరుసలో, మీరు బాబుతో సరిగ్గా వెనక వరుసలో. అప్పుడు పంపు బ్యాగు మీ కాళ్ళ ముందే ఉంటుంది.

కాబట్టి మీ ముందున్న దారులు ఇవి.

ఒక్కరే ఇద్దరితో వెళ్ళడం. చట్టం ఒప్పుకుంటుంది, అన్నీ సవ్యంగా జరిగితే చేరతారు కూడా. ఏ ఒక్కటి తప్పినా ఆదుకునే చేయి ఉండదు. ఇరవై ఎనిమిది గంటలు కన్ను మూయకుండా ఉన్న మనిషి మందు కొలవడంలో పొరపాటు చేయడం మామూలే. ఈ దారి నాకు నచ్చలేదు, దాచకుండా చెబుతున్నాను.

బాబును తండ్రి దగ్గర వదిలి, పాపతో మీరు పది రోజులు వెళ్ళి రావడం. పైకి కఠినంగా కనిపిస్తుంది. కానీ బాబుకు తన మంచం, తన పంపు, తన డాక్టర్లు ఉంటారు, నిద్ర చెడదు. మీ భర్తకు ఫీడ్, మందులు అన్నీ వచ్చని రాశారు. ఆయన సెలవు పెట్టాలి, లేదా ఉద్యోగ సమయంలో నర్సు గంటలు దొరకాలి. అమ్మమ్మ ఈసారి మనవణ్ణి చూడలేదన్న బాధ మిగులుతుంది. ఆ బాధ ఎంత బరువో మీకే తెలుసు.

మూడోది, మీ ఉత్తరంలో ఒక్క వాక్యంలో దాటేసిన విషయం. మీ అత్తగారు ఇప్పుడు మీ ఇంట్లోనే ఉన్నారు, జనవరి చివర్న హైదరాబాద్ తిరిగి వెళ్తున్నారు. ఆవిడ టికెట్ తేదీ రెండు వారాలు జరిపితే వెళ్ళేటప్పుడు మీకు తోడు దొరికినట్టే. ‘ఆవిడ ట్యూబు ముట్టుకోవాలంటేనే వణికిపోతారు’ అని రాశారు. ముట్టుకోనక్కర్లేదు. పాప పూర్తిగా ఆవిడది, బాబు పూర్తిగా మీది, ఆ పంపకం చాలు. అయితే ఇప్పటి నుంచే, రోజుకు ఒక్క ఫీడ్ మీరు చేస్తుంటే పక్కన కూర్చుని సిరంజి పట్టుకోమనండి. బటన్ మార్చే రోజు కాళ్ళు పట్టుకోమనండి. ‘నీకెందుకంత భయం’ అన్న మాట ఆ తర్వాత ఆవిడ నోటి నుంచి వస్తుందనుకోను. ఆవిడది కఠినత్వం కాదని నాకు తోస్తోంది. దగ్గర నుంచి చూడని పని ఎవరికైనా తేలిగ్గానే కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం? బాబు పుట్టినప్పుడు మీ అమ్మానాన్నలు వచ్చి ఆరు నెలలున్నారని రాశారు. విజిటర్ వీసా సాధారణంగా పదేళ్ళకిస్తారు. పాస్‌పోర్టు తీసి గడువు చూడమనండి. అది ఉంటే, పెళ్ళి పనులయ్యాక నాన్నగారో అమ్మగారో మీతో డాలస్ వచ్చేయొచ్చు. ఈ రెండు కొసలూ కలిస్తేనే ఇద్దరు పిల్లలతో టికెట్లు కొనండి. ఒక కొస తెగిపోయినా రెండో దారికి మళ్ళండి. మన తెలుగువాళ్ళు పెద్దవాళ్ళ ప్రయాణానికి తోడు వెతుక్కున్నట్టు, అదే విమానంలో వెళ్ళే తెలియని వాళ్ళను తోడు అడుగుదామని కూడా రాశారు. సంచులు మోయడానికి, ఇమిగ్రేషన్ లైనులో నిలబడడానికి బాగుంటుంది. బాబు బాధ్యత పంచుకునే మనిషి లెక్కలోకి మాత్రం వాళ్ళు రారు.

దుబాయ్‌లో ఒక రాత్రి హోటల్లో ఆగితే బాబుకు నిద్ర దొరుకుతుంది కదా అన్నారు. ఆలోచన మంచిదే, కానీ ఎయిర్‌పోర్టు దాటి బయటికి వెళ్తే యూఏఈ మందుల చట్టం మీకు వర్తిస్తుంది. డయాజెపామ్ అక్కడ నియంత్రిత మందు, ముందుగా ఆన్‌లైన్‌లో అనుమతి తీసుకోవాలి. అది చేయగలిగితే ఆగండి. లేదంటే ఎయిర్‌పోర్టు లోపలే గడపండి, అప్పుడు కూడా అనుమతి కావాలేమో ముందే కనుక్కోండి.

సామాను విషయానికొస్తే, బాబుకు రోజుకు 1,200 మిల్లీలీటర్లు కావాలి. 237 మిల్లీలీటర్ల డబ్బాలు రోజుకు ఐదు. నాలుగు వారాలకు 140 డబ్బాలు, 33 లీటర్లు, బరువు 35 కిలోలు దాటుతుంది. అంటే 23 కిలోల సూట్‌కేసులు రెండు దానికే. అదే ఫార్ములా పొడి రూపంలో దొరికితే బరువు నాలుగోవంతు చేసుకోవచ్చు. కానీ ఇండియా వెళ్ళాక మొదటిసారి పొడికి మార్చకండి. జనవరిలోనే మొదలుపెట్టి రెండు వారాలు చూడండి, పంపు ట్యూబులో గడ్డలు కడుతుందా, విరేచనాలు మారుతున్నాయా అని. ప్రయాణానికి మాత్రం డబ్బాలే, స్టెరైల్ కాబట్టి. క్యాబిన్‌లో పన్నెండు డబ్బాలు పెట్టుకోండి, రెండు రోజులకు మించి సరిపోతాయి. మిగతాది రెండు సూట్‌కేసుల్లో సగం సగం సర్దండి, ఒకటి తప్పిపోయినా ఇంకోటి ఉంటుంది.

మందులు, పంపు, సిరంజిలు మాత్రమే ఉన్న సంచిని క్యాబిన్ లగేజీ లెక్కలో వేయకూడదని అమెరికా నిబంధన, 14 సీఎఫ్‌ఆర్ 382వ భాగం. అమెరికాకు వచ్చే, పోయే విదేశీ విమానాలకూ అది వర్తిస్తుంది. అందులో ఒక్క జత బట్టలు పెట్టినా వాదనకు తావిస్తారు, పెట్టకండి. కౌంటర్లో ఒప్పుకోకపోతే గొంతు పెంచకుండా ‘కంప్లెయింట్స్ రిజల్యూషన్ అఫీషియల్‌ను (ఇలాంటి ఫిర్యాదులు తేల్చే అధికారిని) పిలవండి’ అని అడగండి. ప్రతి సంస్థా ఆ అధికారిని అందుబాటులో ఉంచి తీరాలి. టికెట్లు కొన్న రోజే స్పెషల్ అసిస్టెన్స్ డెస్క్‌కు మెయిల్ రాసి, సంచి సంగతి, అదనపు సూట్‌కేసు సంగతి జవాబు రాతపూర్వకంగా తెప్పించుకోండి. వైద్యుడి ఫామ్ నింపమంటే, నిబంధనల వాదన కన్నా నింపి పంపడమే తేలిక.

సెక్యూరిటీ దగ్గర చికాగోలోలా కాకుండా ఉండాలంటే, 72 గంటల ముందు టీఎస్‌ఏ కేర్స్‌కు (అమెరికా ఎయిర్‌పోర్టు సెక్యూరిటీ వాళ్ళ సహాయ విభాగం) ఫోన్ చేసి సాయానికి మనిషిని అడగండి. ఫార్ములా, తల్లిపాలు, వైద్యానికి కావలసిన ద్రవాలు 100 మిల్లీలీటర్లు దాటినా తీసుకెళ్ళొచ్చు, ఐస్ ప్యాకులు కూడా. కాకపోతే అవన్నీ వేరే సంచిలో పెట్టి, మెషీన్ మీద వేయకముందే మీరే చెప్పాలి. వాళ్ళు చూసి కనిపెడితే అనుమానం, మీరు చెబితే మామూలు తనిఖీ. డబ్బా విప్పొద్దు, స్టెరైల్ పోతుంది అని చెప్పండి. విప్పకుండా వేరే పద్ధతిలో తనిఖీ చేయమని అడిగే హక్కు మీకుంది, దానికి కాస్త సమయం పడుతుంది. ట్రాన్సిట్‌లో మళ్ళీ తనిఖీ ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు హైదరాబాద్‌ ఎయిర్‌పోర్టు భద్రత చూసే సీఐఎస్‌ఎఫ్ వాళ్ళదీ అంతే. డాక్టర్ ఉత్తరం పైనే పెట్టుకోండి. పంపు అదనపు బ్యాటరీ, పవర్ బ్యాంకు చెక్-ఇన్‌లో వేయకూడదు. సీటు దగ్గర ప్లగ్గు ఉంటుందని నమ్మకండి, పంపు నిండా చార్జ్ చేసి ఎక్కండి. చార్జర్ మీద 100–240 వోల్టులు అని రాసి ఉందో లేదో ఇప్పుడే చూడండి. 120 మాత్రమే ఉంటే మన 230 వోల్టులకు కాలిపోతుంది.

పంపు సంచిలో డబ్బా ఫీడ్ పోశాక ఎనిమిది గంటలు, పొడి కలిపింది నాలుగు గంటలు మించకూడదు. విమానంలో సంచి కడగడం కుదరదు కాబట్టి నాలుగు సంచులు పెట్టుకోండి. పాప ఫార్ములాకు కొలిచిన పొడి డబ్బీల్లో, నీళ్ళు సీల్ ఉన్న బాటిల్లో. విమానం ట్యాంకు నీళ్ళు, కాఫీకి ఇచ్చే వేడినీళ్ళు పాలలో కలపొద్దు. సీసాను వేడినీళ్ళ కప్పులో ముంచడానికి మాత్రమే వాడండి, అదీ కుదుపులు లేనప్పుడు. కలిపిన సీసా రెండు గంటలు, పాప నోట్లో పెట్టాక ఒక గంట, మిగిలింది పారబోయాల్సిందే. మూత ఒకసారి విప్పి మూశాకే నిపుల్ నోట్లో పెట్టండి, లేకపోతే ఉబ్బిన గాలికి పాలు చిమ్ముతాయి.

మీ భోజనం మర్చిపోకండి. మనవాళ్ళంతా ఏషియన్ వెజిటేరియన్ అని చెప్పేస్తారు. అందులో పనీర్, పెరుగు, నెయ్యి అన్నీ ఉంటాయి. మీరు చెప్పాల్సింది వీగన్, కోడ్ వీజీఎంఎల్.

దిగేటప్పుడు, అరగంట ముందు, పాపకు పాలు పట్టండి, మింగుతుంటే చెవులు సర్దుకుంటాయి. బాబు మింగడు కాబట్టి నిద్ర లేపి కూర్చోబెట్టండి. డాక్టర్ సరేనంటే ఉత్త పాసిఫయర్ ఇవ్వండి. అప్పటికి పంపు ఆపేసి ఉండాలి.

అందరూ చూస్తుండగా సిరంజితో పట్టించాలంటే సిగ్గుగా ఉంటుందని రాశారు. దుప్పటి కప్పితే ట్యూబు మీకే కనిపించదు, చిక్కుకుంటుంది. కప్పకండి. చూసేవాళ్ళు రెండు నిమిషాలు చూస్తారు. ఎవరైనా అడిగితే ‘వాడి భోజనం ఇలాగే’ అనండి.

విజయవాడలో నాకు విమానం కన్నా పెళ్ళిల్లే భయం. ‘ఒక్క ముద్ద పెడితే ఏమవుతుంది’ అని ఎవరో ప్రేమగా బాబు నోట్లో లడ్డూ పెడతారు. అది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా. పాప అన్నప్రాశన అక్కడే చేద్దామని అమ్మ అంటున్నారన్నారు, పరమాన్నం పాలతోనే వండుతారు. బియ్యం మెత్తగా నీళ్ళలో ఉడికించి బెల్లం వేసి, పాలు, నెయ్యి లేకుండా వండించండి, శాస్త్రానికి లోటేమీ రాదు. ఈ రెండు మాటలూ అమ్మకు ఫోన్‌లో ఇప్పుడే చెప్పి, ఆవిడ చేతే బంధువులందరికీ చెప్పించండి. బయటి నుంచి వచ్చిన మీరు చెబితే ‘అమెరికా చాదస్తం’ అంటారు. ఇంటి పెద్ద చెబితే వింటారు. హైదరాబాద్‌లో ఒకటి, విజయవాడలో ఒకటి, పిల్లల సర్జన్ ఉన్న ఆసుపత్రులు వెతికి, జీ-బటన్ పెట్టిన పిల్లల్ని చూస్తారా అని తమ్ముణ్ణి ముందే వెళ్ళి అడిగి రమ్మనండి. ట్యూబు ఫ్లష్‌కు కాచి చల్లార్చిన నీళ్ళే వాడాలి.

ముహూర్తం అర్ధరాత్రి దాటాక అయితే, మండపంలోనే ఒక గది తీసుకోండి. రాత్రి ఫీడ్ మామూలు వేళకే అక్కడ మొదలవ్వాలి, బాబు అక్కడే పడుకోవాలి. కరెంటు పోయినా పంపు బ్యాటరీ మీద నడుస్తుంది. మీరు తలంబ్రాల వేళకు వచ్చి అక్షింతలు వేసేంతసేపూ గదిలో బాబు పక్కన కూర్చోవడానికి, అలారం మోగితే పంపు ఆపి మీకు ఫోన్ చేయడం తెలిసిన మనిషి ఒకరు కావాలి. అది ఎవరో బయలుదేరే ముందే తేల్చుకోండి.